రాయికి అవతల వైపు

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, నీ అల్లుడూ, చిన్నదీ క్షేమంగానే ఉన్నాం. నీ కన్ను కుదుటపడుతోందని అక్క రాసింది. అది నువ్వు చెబితే రాసిందో, నేను కంగారు పడతానని తనే కల్పించి రాసిందో నాకు తెలియదు. కట్టు విప్పాక ముందుగా ఏం కనిపించిందో ఈసారి నీ మాటల్లోనే రాయించు. డాక్టరు మాటల్లో వద్దు.

"మొదలుపెట్టింది మళ్ళీ" అని నువ్వు అంటున్నావనీ, అక్క నవ్వాపుకుంటూ నీకు చదివి వినిపిస్తోందనీ తెలుసు. అయినా ఫోన్‌లో నా గొంతు పోలీసు గొంతులా ఉంటుందనీ, ఏదున్నా ఉత్తరం రాయమనీ చెప్పింది నువ్వే కదా. ఉత్తరంలో నా మొహం కనిపించదు కాబట్టి కాస్త ఓపిగ్గా విను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. వంటింటి కప్పు కారడం ఆగిపోయిందని బాగుచేసినతను అన్నాడు. వాన పడితే గాని నేను నమ్మను. చిన్నదాని దగ్గు తగ్గింది. చేతిరాత మాత్రం అలాగే ఉంది. ఎడమచేత్తో రాస్తూ, రాసిన అక్షరాల మీదే ఆ చెయ్యి ఈడ్చి, మోచేతిదాకా సిరా పూసుకుంటోంది. నీ నీలం దుప్పటి పెట్టెలోనే భద్రంగా ఉంది, ఎవరికీ ఇవ్వలేదు.

ఇక పుస్తకం సంగతి. "అయిందా, లేక గోడల మీద గీతలు చూసి పెద్దవాళ్ళని దొంగల్ని చేస్తూ కూర్చున్నావా?" అని అడిగావు. కాలేదు. ఎందుకు కాలేదో చెప్పాలంటే నీకు తెలిసిన కథే మళ్ళీ నీకు చెప్పాలి. అక్కకి సగమే తెలుసు కాబట్టి తన కోసమైనా ఊఁ కొట్టు.

సరస్సుకీ మన పొలాలకీ మధ్య కొండ అడ్డం. అటు చూస్తే ఒడ్డు దాటుతున్న నీళ్ళు, ఇటు చూస్తే నెర్రెలు విచ్చిన నేల. కొండ మీద ఈ కొస నుంచి ఆ కొసకి వరసగా కర్రలు పాతి, ఆ వరస పట్టుకుని రెండు వైపుల నుంచీ ఒకేసారి సొరంగం తవ్వారు. సరస్సు వైపు నుంచి పై కాలువ వాళ్ళు, పొలాల వైపు నుంచి మనం, అంటే కింది కాలువ వాళ్ళు. మందుగుండు లేదు. రాతి మీద మంట పెట్టడం, కాలిన రాతి మీద నీళ్ళు కుమ్మరించడం, పగిలినంత మేర పలుగుతో పెళ్ళగించడం. ఎవరు ఎంత పొడుగు తవ్వితే ఎండాకాలంలో వాళ్ళ కాలువకి అంత వాటా అని ముందే మాట అనుకున్నారు. అయితే కర్రల వరస ఎక్కడో తప్పింది. రెండు సొరంగాలూ ఒకదాన్నొకటి తప్పించుకుపోయేవే. అప్పుడు మన గుంపుకి పెద్ద అయిన మీ తాతయ్య రాతికి చెవి ఆనించి, అవతలి పలుగుల చప్పుడు విని, సొరంగాన్ని మోచెయ్యి వంచినట్టు అటు వంచాడు. ఆ వంపు దగ్గర రెండు గుంపులూ కలిశాయి. కలిసిన చోట గోడలో ఒక నల్లరాయి బిగించారు. రాయికి ఇవతల రెండు పాళ్ళు మనవి, అవతల ఒక పాలు వాళ్ళది. నీళ్ళూ అలాగే.

ఈ కథ చెప్పేటప్పుడు నువ్వు గోడకి చెవి ఆనించి చూపించేదానివి. మేమూ ఆనించేవాళ్ళం. పక్కింటివాళ్ళ కుక్కర్ చప్పుడు తప్ప నాకు ఏమీ వినిపించేది కాదు. అక్క మాత్రం పలుగులు వినిపిస్తున్నాయనేది. అప్పటినుంచే నాకు అక్క మాట మీద నమ్మకం లేదు.

నాకు ఇంకొకటి కూడా గుర్తుంది. నా చిన్నప్పుడు ఒకసారి మనిద్దరం పై కాలువ గట్టు మీద నడిచి వస్తున్నాం. అక్కడ నీళ్ళు తోడుకుంటున్న ఆడవాళ్ళు మనల్ని చూసి, మనకి వినిపించేలాగే, "దొంగ వాటా తాగేవాళ్ళు ఎంత దర్జాగా పోతున్నారో చూడు" అన్నారు. నువ్వు తల వంచుకున్నావు. "అమ్మా, ఎందుకు తిరిగి అనవు?" అని అడిగాను. "పద, ఎండెక్కుతోంది" అన్నావు. తప్పు లేనివాళ్ళు తల ఎందుకు వంచాలి? నా అనుమానపు బుద్ధికి విత్తనం ఎక్కడ పడిందని అందరూ అడుగుతారు కదా, అక్కడ.

ఇప్పుడు సొరంగం దాటాక నీళ్ళని రెండు కాలువలకీ పంచే పాత చెక్క తలుపులు తీసేసి, సిమెంటులో ఇనుప గేట్లు దించుతున్నారు. ఒకసారి దిగిన గేటు వెడల్పు మళ్ళీ మారదు. ఎవరికెంత వెడల్పు అన్నది సొరంగం చరిత్రని బట్టి తేలుద్దామని కాలువల సంఘం వాళ్ళు, కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పుకునే నన్ను ఆ చరిత్ర పుస్తకంగా రాయమని పిలిచారు. సంఘంలో తమ్ముడు ఉన్నాడు కదా, "మా అక్క ఉండగా బయటివాళ్ళు ఎందుకు?" అన్నాడట. వాడు నన్ను మెచ్చుకోవడం నా ఎరుకలో అదే మొదలు. నాకు వెంటనే అనుమానం వచ్చింది.

మరమ్మతు కోసం నీళ్ళు ఆపి సొరంగం ఆరబెట్టినప్పుడు గేటు ఇంజనీరుతో కలిసి లోపలికి వెళ్ళాను. గోడల్లో దీపాలు పెట్టుకునే చిన్న చిన్న గూళ్ళు ఉన్నాయని అప్పుడే చూశాను. లోపల ఒక్క మనిషి నిలబడి పలుగు ఎత్తేంత చోటే ఉంటుంది. కుడిచేతివాటం మనిషి దీపాన్ని తన ఎడమ పక్క పెట్టుకుంటాడు, లేకపోతే తన చెయ్యి నీడే తనకి అడ్డం. మన వైపు నుంచి నడుస్తుంటే మొదట గూళ్ళన్నీ ఎడమ గోడకే ఉన్నాయి. సరే, మనవాళ్ళు తవ్వారు. కానీ వంపు ఇంకా చాలా దూరం ఉందనగానే గూళ్ళు కుడి గోడకి మారిపోయాయి. అక్కడి నుంచి సరస్సు దాకా అన్నీ కుడి గోడకే. అటు నుంచి ఎదురు తవ్వుకుంటూ వచ్చినవాళ్ళకి అది ఎడమ గోడ కదా. అంటే పై కాలువ వాళ్ళు రాయి దాటి ఇవతలికి చాలా దూరం తవ్వుకొచ్చారు. రాయి అబద్ధం. మీ తాతయ్య కథ అబద్ధం. నిజం చెప్పాలంటే, కొంచెం సంతోషం వేసింది. ఇన్నేళ్ళ నా అనుమానం ఒట్టిపోలేదు.

ఆ వారమే చిన్నదానికి గౌను కుట్టించడానికి కుట్టుమిషను ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడకి పై కాలువ చిట్టచివర ఒక కూరగాయల మడి ఉంది. ఎండాకాలం నీళ్ళు అక్కడికి చేరేసరికి చెంబెడు మిగులుతాయి. చిన్నదాని భుజం మీద టేపు పెట్టి కొలుస్తూ, నా వైపు చూడకుండానే అంది:

"తవ్వింది మీ తాతలు, సంఘంలో మీ తమ్ముడు, రాసేది మీరు. ఇంక మా వంతు ఏముందమ్మా, చప్పట్లు కొట్టడమా?"

"నేను చూసిందే రాస్తాను" అన్నాను.

"ఏ కన్నుతో చూస్తారో?" అని, టేపు చుట్టి మెడలో వేసుకుంది.

దానికి నేనేమన్నానో తర్వాత చెబుతాను. ఇప్పుడు చెబితే మిగతాది వినవు.

గూళ్ళ సంగతి నీకు రాశాను. నీ జవాబు ఇంత తొందరగా ఎప్పుడూ రాలేదు. "మా తాతయ్యది పుర్రచెయ్యి. ఊట చూసి జడిసి మిగతావాళ్ళు లోపలికి రామంటే, ఆ చివరి భాగమంతా ఆయనే ముందు నిలబడి తవ్వాడు. ఎడమచేతివాటం కనక దీపం కుడి పక్క పెట్టుకున్నాడు. ఇంక ఆ గొడవ వదిలిపెట్టు" అని. అమ్మా, కోప్పడకు. నలభై ఏళ్ళు దాటిన కూతురికి ఈ ముక్క ఇప్పుడే ఎందుకు చెప్పావు? ఆ కథ ఎన్నోసార్లు విన్నాను. ఆయన మీసం గురించి చెప్పావు, ఆయన గురక గురించి చెప్పావు, చెయ్యి గురించి ఎన్నడూ చెప్పలేదు. అందుకని, కారణం చెప్పకుండా పిన్నికి ఫోన్ చేసి ఆయనది ఏ చేతివాటమని అడిగాను. "పుర్రచెయ్యి. ఇంక ఆ గొడవ వదిలిపెట్టు" అంది. నేను ఏ గొడవా చెప్పకుండానే! మీ అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకున్నారని అప్పుడే తెలిసిపోయింది.

కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే మాస్టారితో ఈ మాట అంటే ఆయన నవ్వారు. "గూళ్ళతో ఎందుకండీ కుస్తీ? పలుగు దెబ్బలు చూడండి. దెబ్బ సన్నగా మొదలై, ముందుకి పోయేకొద్దీ లోతుగా దిగి, గుంటలా ఆగుతుంది. గుంట ఎటుంటే మనిషి అటు వెళుతున్నట్టు. చేతివాటం ఏదైనా అది మారదు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే టార్చి పట్టుకుని సొరంగానికి వెళ్ళాను. వంపు దగ్గరికి చేరేసరికి పచ్చి సిమెంటు వాసన. తాపీమేస్త్రీ గోడకి పూత పూస్తున్నాడు. ఇంత పొడుగు సొరంగంలో మొట్టమొదటి పూత సరిగ్గా రాయి దగ్గరే! ఎవరు చెప్పారని అడిగాను.

"మీ తమ్ముడుగారే మేడమ్. నిన్న పొద్దుపోయాక మనిషిని పంపి మరీ చెప్పించారు. రాయి దగ్గర మొదలుపెట్టి అవతల వైపు పూసుకుంటూ పొమ్మన్నారు. ఇవతల వైపు తర్వాత చూద్దామన్నారు."

"అవతలా? సరస్సు వైపా?"

"ఆఁ. నాకేం మేడమ్, ఎటు పూసినా కూలి అంతే."

నా బుర్ర పనిచేయడం మానేసింది. మన దొంగతనం దాచాలనుకుంటే రాయికి ఇవతల కదా పూయాలి? పై కాలువ వాళ్ళు తవ్వుకొచ్చారని నేను అనుకున్నది ఇవతలి గోడ కదా? అది మాత్రం నా ఎదురుగా ఏ పూతా లేకుండా ఉంది. టార్చి ఆనించి దెబ్బలు చూశాను. గుంటలన్నీ సరస్సు వైపే. తడిమి చూశాను. అవే. గూళ్ళు కుడికి మారిన చోటు నుంచి రాయి దాకా తవ్వింది మన వైపు నుంచి వెళ్ళిన మనిషే. ఎడమచేతివాటం మనిషి. నువ్వు చెప్పింది నిజం.

అక్కా, ఇక్కడ ఆగు. బావ ఇంట్లో ఉంటే తలుపు దగ్గరికి వేసి రా. బావ మంచివాడే, కానీ ఆయన చెవిన పడిన మాట సాయంత్రానికి నలుగురి నోళ్ళలో ఉంటుంది.

వేసి వచ్చావా? సరే.

అమ్మా, నువ్వు చెప్పింది నిజమైతే, తమ్ముడు అవతల వైపు ఏం దాస్తున్నాడు? మేస్త్రీ వాళ్ళు టీ తాగడానికి బయటికి వెళ్ళారు. అక్కడే పడున్న తాపీ తీసుకుని పచ్చి పూత గీకేశాను. ఒకచోట కాదు, ముందుకి పోతూ చాలా చోట్ల. రాయికి అవతల కూడా గుంటలు సరస్సు వైపే ఉన్నాయి. ఇంకా ముందుకి వెళ్ళాను. అవే. పూత వేసినంత మేరా అవే, పూత దాటాక కూడా కొంతదూరం అవే. వంపు తిరిగిన సొరంగం మళ్ళీ సూటిగా అయ్యే చోట దెబ్బలు ఎదురు తిరిగాయి. అక్కడ గోడంతా చెమ్మ. ఎదురు నుంచి వచ్చిన దెబ్బలు నిస్సత్తువగా, పైపైన తగిలినట్టు ఉన్నాయి. నిలబడలేక కొట్టిన దెబ్బల్లా.

రెండు గుంపులూ కలిసింది రాయి దగ్గర కాదు. వంపు దగ్గర మీ తాతయ్యకి చప్పుడు వినిపించిందంతే. అక్కడి నుంచి ఆ చప్పుడు వైపు ఇంకా ఎంతో దూరం తవ్వుకుంటూ వెళ్ళాడు. వెళ్ళి, కలిసి, వెనక్కి వచ్చి, తను తవ్విన దాంట్లోంచే వాళ్ళకి వదిలిపెట్టి, ఇవతల రాయి బిగించాడు. నిజంగా తవ్వినంతకే వాటా అయితే, పై కాలువకి మడమ తడిసేన్ని నీళ్ళు కూడా వచ్చేవి కావు.

ఆయన అబద్ధం చెప్పాడని నేను అనుమానించింది సరైనదే. ఏ వైపుకి చెప్పాడన్నది నా ఊహకి కూడా అందలేదు.

గీకుతుండగా మేస్త్రీ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "పూసేది మేమూ, గీకేది మీరూనా మేడమ్? ఇలాగైతే ఈ పని మా మనవల దాకా సాగుతుంది" అన్నాడు. పక్కనున్న తట్టలోంచి సిమెంటు తీసుకుని, గీకిన చోటల్లా నా చేత్తోనే మళ్ళీ మెత్తాను. "అంత మందం వద్దు మేడమ్, జారిపోతుంది" అని మాత్రం అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా తమ్ముడి మోటారు షెడ్డుకి వెళ్ళాను. పంపు విప్పుకుని కూర్చున్నాడు.

"రాయికి అవతల పూయించమని నీకెవరు చెప్పార్రా?"

"అమ్మ."

"ఎందుకని అడగలేదా?"

"అమ్మని నువ్వు అడుగుతావు. నేను వింటాను. అందుకే నాకు చెప్పింది" అన్నాడు, నట్టు మీంచి చూపు తిప్పకుండా. నట్టు పక్కన పెట్టి, "ఏమైనా ఉందా అక్కడ?" అన్నాడు.

"చెమ్మ ఉంది" అన్నాను.

వాడికి తెలియదని నాకు నమ్మకం కుదిరింది. అమ్మా, రాసుకో, ఒకరి మీద నాకు నమ్మకం కుదిరింది! వాడికి చెప్పలేదు. వాడు మంచివాడే. కానీ నీళ్ళ దగ్గర మంచివాళ్ళు ఎలా మారిపోతారో నాకన్నా నీకే బాగా తెలుసు. కింది కాలువ వాళ్ళకి ఈ మాట తెలిసిన రోజున కొత్త గేట్లు ఏ కొలతలకి దిగుతాయో కూడా తెలుసు.

ఇప్పుడు, ఇందాక దాచిన మాట. ఆ రోజు కుట్టుమిషను ఆవిడ "ఏ కన్నుతో చూస్తారో" అన్నప్పుడు నాకు రోషం వచ్చింది. "దీపాల గూళ్ళు మీవాళ్ళ పక్షానే ఉన్నాయి. మీవాళ్ళే రాయి దాటి ఇటు తవ్వినట్టున్నారు" అని నోరు జారాను. నిక్కచ్చి మనిషినని చూపించుకోవాలని. ఆవిడ మిషను ఆపింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మా నాన్న చచ్చేదాకా అదే మాట అన్నాడమ్మా" అంది. నేను చెప్పింది తప్పని తెలిసేసరికి ఆ మాట పై కాలువ పొడుగునా పాకిపోయింది.

నిన్న పొద్దున సంఘం సమావేశంలో ఆవిడ లేచి నిలబడింది. "మేడమ్ గారే చెప్పారు, గోడల మీద సాక్ష్యం ఉందని. బయటి నుంచి తెలిసినవాళ్ళని పిలిపించండి. గోడలన్నీ గీకించి చూపించండి. నిజం ఎంతైతే అంతే నీళ్ళు!" అంది. పై కాలువ వాళ్ళంతా బల్లలు చరిచారు. అమ్మా, ఆ మనిషి తన మడికొచ్చే ఆ చెంబెడు నీళ్ళు కూడా తన నోటితోనే వద్దంటోంది. అక్కడున్నవాళ్ళలో ఆ సంగతి తెలిసింది నా ఒక్కదానికే.

లేచాను. "గూళ్ళ విషయంలో నేను పొరబడ్డాను. మా ముత్తాతది పుర్రచెయ్యి. ఇవతలి భాగం ఆయన తవ్విందే. రాయి ఉన్నచోటే సరైనది. బయటివాళ్ళు అక్కర్లేదు" అన్నాను.

కుట్టుమిషను ఆవిడ వెంటనే, "అబ్బో! ఇన్నేళ్ళకి మీ తాతకి పుర్రచెయ్యి మొలిచిందా?" అంది. హాలంతా నవ్వింది. నీ ఉత్తరం చదివినప్పుడు నేను మనసులో అనుకున్న మాట, అక్షరాలా. ఇంజనీరు గబగబా పాత వాటాలే రాసుకుని గేట్ల పనికి లేచాడు. నా గోళ్ళ సందుల్లో సిమెంటు ఇంకా పోలేదు. చేతులు బల్ల కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఆవిడకి ఒంటరిగా చెప్పేద్దామా అనుకున్నాను. నమ్మదు. నమ్మితే ఇంకా కష్టం. ఇన్నేళ్ళూ దొంగలని తిట్టుకుంటూ తాగిన నీళ్ళని ఇకమీదట దయ అనుకుంటూ తాగమనడం. అయినా అది దయేనని నేను మాత్రం ఎలా రాయను? ముత్తవ్వ పుట్టిల్లు పై కాలువేనని ఒకసారి నువ్వే అన్నావు. అది దయా, అల్లుడి మొహమాటమా? లేక ఆ ఊటలో వాళ్ళవైపు ఎవరైనా ప్రాణం పోగొట్టుకున్నారా, దానికి ఆయన లోపల కుమిలిపోయాడా? నీకు తెలిస్తే చెప్పు. అక్క చేత రాయించకు. కట్టు విప్పాక, అక్షరాలు వంకరపోయినా సరే, నీ చేత్తో రాయి.

చిన్నది మొదటిసారి ఎడమచేత్తో పలక మీద గీసినప్పుడు అందరం ఆ చెయ్యి మార్పించబోయాం. నువ్వు ఒక్కదానివే, "ముట్టుకోకండి, అది మంచి చెయ్యి" అని కసిరావు. అప్పుడు ఎందుకన్నావో అడగలేదు. అడగాల్సినచోట అడగకుండా ఊరుకున్నది బహుశా అదొక్కటే.

పుస్తకంలో ఆ వాక్యం ఇవాళ రాసేశాను: "రెండు గుంపులూ నల్లరాయి దగ్గర కలుసుకున్నాయి." మళ్ళీ చదివితే అచ్చం నిజంలాగే ఉంది. నేను ఇంతకాలం పాఠాలు చెప్పిన పుస్తకాల్లో ఇలాంటి వాక్యాలు ఎన్ని ఉన్నాయో.

నిన్న సమావేశం అయ్యాక చిన్నదాని గౌను తెచ్చుకోవాలి కనక, దాన్ని వెంటబెట్టుకుని పై కాలువ గట్టు మీదుగా వెళ్ళాను. కుట్టుమిషను ఆవిడ గౌను ఇచ్చింది, నా మొహం చూడలేదు. తిరిగి వస్తుంటే గట్టు మీద ఎవరో, మాకు వినిపించేలాగే, పాత మాటే అన్నారు. నేను తల వంచుకున్నాను. చిన్నది సిరా చేత్తో నా చెయ్యి గుంజింది.

"అమ్మా, ఎందుకు తిరిగి అనవు?"

"పద, ఎండెక్కుతోంది" అన్నాను.

ఇట్లు,
నిన్ను ఇన్నాళ్ళూ అనుమానించిన
నీ చిన్న కూతురు